ఆఫీసు లాగిన్‌కు ల్యాప్‌టాప్ సర్టిఫికెట్: పాస్‌వర్డ్, ఓటీపీ చాలవా?

మడికొండ నైట్‌షిఫ్ట్: మా ఆఫీసులో వచ్చే నెల నుంచి ఓటీపీ తీసేస్తున్నారు. కంపెనీ ల్యాప్‌టాప్‌లో డిజిటల్ సర్టిఫికెట్ (ఇది ఆఫీసు మెషీనే అని సర్వర్‌కు రుజువు చూపే ఫైల్) ఉంటేనే లాగిన్ అట. అది మొరాయిస్తే ఇంట్లో తమ్ముడి ల్యాప్‌టాప్‌లో పని చేసుకునే వీలు కూడా పోతుంది. ఇది భద్రతా, మనల్ని కట్టేయడమా?

హన్మకొండ అడ్మిన్: భద్రతే అన్నా. నకిలీ లాగిన్ పేజీ పెట్టినోడు పాస్‌వర్డ్, ఓటీపీ రెండూ మీ చేతే కొట్టించి, అదే నిమిషంలో అసలు సైట్‌లో వాడేస్తాడు. సర్టిఫికెట్‌తో ఆ ఆట సాగదు. దాని ప్రైవేట్ కీని, అంటే డిజిటల్ సంతకం పెట్టే రహస్య కోడ్‌ను, ల్యాప్‌టాప్‌లోని టీపీఎం అనే భద్రతా చిప్‌లో పెడితే బయటికి రాదు, లాగిన్‌కు కావాల్సిన సంతకం చిప్ లోపలే జరుగుతుంది. మీకే తెలియని కీని ఎవరికి చెబుతారు?

కాజీపేట అకౌంటెంట్: జీఎస్టీకి డిజిటల్ సంతకం పెట్టడానికి వాడే, పెన్‌డ్రైవ్ లాంటి డీఎస్సీ టోకెన్ వంటిదేనా? ఒక ఆడిటర్ గారి సొరుగు తీస్తే క్లయింట్ల టోకెన్లన్నీ అందులోనే. ఒక్కోదానికి పేరు రాసిన ప్లాస్టర్, కొన్నిటి మీద పిన్ కూడా!

హన్మకొండ అడ్మిన్: టెక్నాలజీ ఒకటే, పని వేరు అక్కా. డీఎస్సీని 2000 నాటి ఐటీ చట్టం కింద లైసెన్సున్న సంస్థ మనిషి పేరు మీద ఇస్తుంది. ఇది ఆఫీసు తన మెషీన్‌కు ఇచ్చుకునేది. సొరుగులో దాచే టోకెన్ కాదు.

పరకాల పిల్లగాడు: మెషీన్‌కు ఇస్తే మెషీనే తెలుస్తుంది. దాని ముందు ఎవరు కూర్చున్నారో ఎట్లా తెలుస్తుంది? పిన్ కూడా తీసేస్తే దొంగకు తాళంచెవి ఇచ్చినట్టే.

హన్మకొండ అడ్మిన్: నిజమే తమ్ముడూ, పిన్ ఉండాల్సిందే. ల్యాప్‌టాప్ పోతే సర్టిఫికెట్ రద్దు చేస్తాం. కానీ సర్వర్ ఆ రద్దు జాబితా చూసేలా పెట్టకపోతే, రద్దు చేసినా చేయనట్టే.

మడికొండ నైట్‌షిఫ్ట్: సర్టిఫికెట్ గడువు అర్ధరాత్రి ముగిస్తే? నా పాత ఆఫీసులో అదే జరిగింది. వైఫై కూడా ఆ సర్టిఫికెట్ మీదే నడిచేది, కొత్తది తెచ్చుకుందామంటే నెట్ లేదు. హెల్ప్‌డెస్క్ తెరిచేది పొద్దున. షిఫ్ట్ మొత్తం లీవ్ కింద కోసేశారు. నా గొడవ ఆ కోతతోనే.

హన్మకొండ అడ్మిన్: గడువుకు ముందే దానంతటదే రెన్యూ అయ్యేలా పెట్టాల్సింది అడ్మిన్. మీ జీతం ఎందుకు కోస్తారు?

పరకాల పిల్లగాడు: సొంత ల్యాప్‌టాప్‌లో వేయమంటే మాత్రం ఒప్పుకోకు అన్నా. దాంతోపాటు మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తే, ఆఫీసోళ్లు కూర్చున్నచోటు నుంచే మన డిస్క్ తుడిచేయొచ్చు.

మడికొండ నైట్‌షిఫ్ట్: సోమవారం మీటింగ్‌లో రాత్రి హెల్ప్‌డెస్క్, ఒక స్పేర్ ల్యాప్‌టాప్ అడుగుతా. ఇవ్వకపోతే ఓటీపీయే ఉంచమంటా.

హన్మకొండ అడ్మిన్: ఓటీపీ మాట ఎత్తకండి అన్నా, వాళ్లకు అదే సాకైపోతుంది. స్పేర్ ల్యాప్‌టాప్ దగ్గరే పట్టుబట్టండి.