సొంత పాటలు, ఒక్క గిటార్: రికార్డింగ్, హక్కులు, విడుదల గురించి

ప్రశ్న:
జానపద బాణీలో సొంతంగా రాసి కట్టిన ఐదు పాటలు సిద్ధంగా ఉన్నాయి. గొంతు, అకూస్టిక్ గిటార్, అంతే. లేబుల్ లేకుండా విడుదల చేయాలి. పాడుతూ వాయిస్తూ రికార్డు చేస్తే ఒకదాని మైకులో ఇంకొకటి పడుతోంది. విడివిడిగా చేస్తే పాటలో జీవం పోతోంది. ఏం చేయాలి? ఇంకో సందేహం: వీటిలో ఒక పాట పాత జానపద పల్లవికి కొత్త చరణాలు కట్టింది. రచన ఎవరిదని రాయాలి?

జవాబు 1:
ఒకేసారి చేయండి. ఇలాంటి పాటల్లో గొంతు ఆగిన చోట గిటార్ కూడా ఆగుతుంది. విడివిడిగా చేయాలని మెట్రోనోమ్‌కి (టిక్‌టిక్‌మని లయ కొట్టే పరికరం) కట్టేస్తే ఆ సాగుడూ ఆగుడూ పోతాయి, అవి పోయాక పాటలో మిగిలేది తక్కువే.

దీనికి పనికొచ్చేది ఫిగర్-8 మైకు. ముందూ వెనకా వింటుంది, సరిగ్గా పక్కల నుంచి వచ్చేది దాదాపు వినదు. గొంతు మైకును నోటికి 15-20 సెం.మీ. దూరంలో పెట్టి, దాని పక్క భాగం గిటార్‌ను చూసేలా వంచండి. గిటార్ మైకును 12వ ఫ్రెట్‌కి (గిటార్ మెడ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీల్లో పన్నెండోది) ఎదురుగా 20 సెం.మీ. దూరంలో పెట్టి, దాని పక్క భాగం నోటి వైపు తిప్పండి. సౌండ్ హోల్‌కి, అంటే గిటార్ ఒంటి మీది గుండ్రటి రంధ్రానికి, ఎదురుగా మాత్రం వద్దు, గుమ్మని బేస్ ఒక్కటే వస్తుంది. ఈ మైకులు వెనకవైపు కూడా వింటాయి కాబట్టి వాటి వెనక గోడ ఉంటే మందపాటి దుప్పటి వేలాడదీయండి. దగ్గరికి జరిగే కొద్దీ గొంతులో బేస్ పెరుగుతుంది, 80 హెర్ట్జ్ కింద కోసేయండి.

రికార్డింగ్ సెట్టింగ్ 24 బిట్‌లో పెట్టుకుని, గట్టిగా పాడే చోట కూడా శబ్దం మీటర్ మైనస్ 10 డెసిబెల్ దాటకుండా చూసుకోండి. కాపో (శృతి పెంచడానికి గిటార్ మెడకి బిగించే క్లిప్పు) బిగించాక శృతి మళ్ళీ చూడాలి. తీగ నొక్కుకుపోయి స్వరం కాస్త పైకి పోతుంది. చాలా టేకులు పాడయ్యేది ఇక్కడే.

జవాబు 2:
హక్కుల సంగతి. పాట వేరు, రికార్డింగ్ వేరు. సాహిత్యం, బాణీ ఒక హక్కు. రికార్డయిన శబ్దం ఇంకో హక్కు. డిస్ట్రిబ్యూటర్ (పాటను స్పాటిఫై లాంటి యాప్‌లకు చేర్చే సంస్థ) మామూలుగా వసూలు చేసిపెట్టేది రెండోదాని డబ్బే. రచయితగా రావాల్సింది రావాలంటే కాపీరైట్ సొసైటీలో (రచయితల తరఫున రాయల్టీ వసూలు చేసే సంస్థ) సభ్యత్వం తీసుకుని, ఒక్కో పాటనూ విడిగా నమోదు చేయాలి. సొంతంగా విడుదల చేసేవాళ్ళలో చాలామంది వదిలేసే డబ్బు ఇదే.

పాత పల్లవి నిజంగా కర్త తెలియనిదైతే "సంప్రదాయం" అని వేసి, కొత్త చరణాలు, కూర్పు వరకే మీ పేరు పెట్టండి. అంతకన్నా ముందు పాత రికార్డింగుల మీద, అచ్చయిన సంకలనాల్లో పేరు ఏముందో చూడండి. జానపదం అని అందరూ అనుకునే పాటకి రచయిత ఉండటం అరుదేమీ కాదు. అప్పుడు అనుమతి తీసుకోవాల్సిందే.

ఐఎస్ఆర్‌సీ అని 12 అక్షరాల కోడ్ ఉంటుంది, రికార్డింగ్‌కి ఒకటి. అదే పాటను కచేరీలో మళ్ళీ రికార్డు చేస్తే కొత్త కోడ్ కావాలి. డిస్ట్రిబ్యూటర్‌ను మారిస్తే మాత్రం పాత కోడ్‌నే ఇవ్వండి, లేకపోతే అప్పటిదాకా ఎన్నిసార్లు విన్నారన్న లెక్క చీలిపోవచ్చు. ఒక్క చరణంలో ఎవరైనా చెయ్యి వేసినా వాటాలు అప్పుడే కాగితం మీద రాసుకోండి, మొత్తం 100 శాతం రావాలి.

జవాబు 3:
విడుదలకి 3-4 వారాల ముందే అప్‌లోడ్ చేయండి. స్పాటిఫైలో ప్లేలిస్ట్ ఎడిటర్లకు పాటను పంపడం విడుదలకి ముందే కుదురుతుంది. కనీసం 7 రోజుల ముందు పంపితే మిమ్మల్ని ఫాలో అయ్యేవాళ్ళ రిలీజ్ రాడార్‌లోకీ (కొత్త పాటలు చూపించే ప్లేలిస్ట్) వెళ్తుంది. 2024 నుంచి అక్కడ గత 12 నెలల్లో 1,000 సార్లు వినని ట్రాక్‌కి రికార్డింగ్ రాయల్టీ లేదు. అందుకే ఐదూ ఒకేరోజు వదలకుండా ఒక్కోదానికీ నెలన్నర ఇవ్వండి. ఇక మాస్టరింగ్‌లో, అంటే విడుదలకి ముందు చేసే చివరి సర్దుబాటులో, శబ్దం పెంచేయాలని చూడకండి. స్పాటిఫై మామూలుగా మైనస్ 14 ఎల్‌యూఎఫ్ఎస్‌కి (శబ్దం ఎంత గట్టిగా వినిపిస్తుందో కొలిచే ప్రమాణం) సర్దుతుంది. గట్టిగా నొక్కేస్తే తీగ మీటిన చప్పుడు చదునైపోవడం తప్ప ఒరిగేది లేదు.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్సండీ. మైకు ఒక్కటే ఉంటే?

జవాబు 1:
ఛాతీ ఎత్తులో 40-50 సెం.మీ. దూరంలో పెట్టండి. గిటార్ మింగేస్తుంటే మైకును నాలుగు వేళ్ళంత పైకి లేపండి, గొంతు ముందుకొస్తుంది. తర్వాత రెండింటినీ విడదీసి సర్దలేరు, అందుకని అర నిమిషం రికార్డు చేసి, హెడ్‌ఫోన్లో విని, మళ్ళీ జరపండి. సరిపోయిన చోట నేలమీద స్టాండ్ కాళ్ళకీ, కుర్చీ కాళ్ళకీ టేపు అంటించేయండి.