పై రంగు చూసి మోసపోవద్దనే సామెతల్లో పనికొచ్చే తెలివి ఉందా?

గోదారి_ఒడ్డు (ధర్మాబాద్)

మా దగ్గర ఇంట్లో తెలుగు, బజార్లో మరాఠీ. రెండిట్లోనూ ఒకటే మాట చెవిన పడ్తది. తెలుగులో ‘పైన పటారం లోన లొటారం’, ‘తెల్లనివన్నీ పాలు కావు’, మేడిపండు సంగతి. మరాఠీలో ‘దిసతం తసం నసతం, మ్హణూన్ జగ ఫసతం’, అంటే కనిపించినట్టు ఉండదు కాబట్టే లోకం మోసపోతదని. మళ్లీ ఆ నోళ్లే ‘ముఖం చూసి బొట్టు పెట్టాలె’ అంటయి, అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటయి. ఒకటి చూసి నమ్మొద్దంటది, ఇంకోటి చూసే తేల్చుకోమంటది. నాలుగు మాటల సామెతకు నిజంగా లోతుందా, లేక పని చెడినంక చెప్పుకునే ఓదార్పేనా? సరుకు కొనేటప్పుడు, మనిషిని పనిలో పెట్టుకునేటప్పుడు వీటిని ఎట్ల వాడుకోవాలె? తెలిసినోళ్లు వివరంగా చెప్పండి.

మిర్చి_అడ్తి

అన్నా, సామెత చూడొద్దని అంటలేదు. ఏది చూడాల్నో అది చెప్పదు, అంతే. ఆ ఖాళీని సరుకు తెలిసినోడు నింపుకోవాలె. మన ధర్మాబాద్ మిర్చినే తీసుకో. ఎరుపు తొక్కలో ఉంటది. కారం లోపల గింజలు అంటుకునే తెల్లటి పొరలో పుడ్తది. ఒకటి చూసి ఇంకోటి చెప్పలేం. ముడతలు పడి ముదురెరుపుగా ఉండే బ్యాడిగి రకానికి కారం తక్కువ, సన్నగా ఉండే తేజ రకానికి మస్తు కారం. ‘ఇంత ఎర్రగుంది, మండిపోతది’ అనుకునేటోడికి సామెత సరిగ్గా తగుల్తది. రంగు కోసమే కొనేటోడికి మాత్రం ఆ ఎరుపే అసలు సరుకు. పైరంగు చూసి ధర కట్టుడు వాడికి తప్పు కాదు.

ఇగ బస్తా సంగతి. మూతి దగ్గరి కాయలు చూసి ధర చెప్పొద్దు. మంచివి పైకి పేర్చి తాలు కాయ నడుమ దాస్తరు. నడుమ నుంచి ఒక గుప్పెడు, అడుగు నుంచి ఒక గుప్పెడు తియ్యాలె. చెవి దగ్గర ఆడిస్తే గింజ గలగలలాడాలె. వంచితే పుటుక్కున విరగాలె, తోలు లెక్క వంగిందంటే తేమ ఉన్నట్టే. తేమ 10, 11 శాతం ఉంటే సరుకు నిలువ ఉంటది. తూకం పెరగాలని, కాయ విరగొద్దని నీళ్లు చల్లుతరు. ఆ సరుకు పైకి నిగనిగలాడ్తది, కంటికి అదే ముందు నచ్చుతది. అందుకని ఒక పది కాయలు నిలువునా చీల్చు. గింజ లేత పసుపుగా ఉంటే సరే. పొర మీద బూడిదరంగో నలుపో బూజు కనబడితే తొక్క ఎంత మెరిసినా ఆ బస్తా వద్దు. పూర్తిగా ఎండకముందే కుప్ప పోస్తే తేమ లోపల్నే నిలిచి ఇట్లయితది.

ఇంకో మాట. కొన్ని బూజులు వదిలే అఫ్లటాక్సిన్ అనే విషం కాయ చీల్చినా కనబడదు, మామూలుగా వండితే పోదు. దాన్ని ల్యాబ్‌లోనే తేల్చాలె. ‘లోపల చూడు’ అన్న సలహా కూడా అక్కడ ఆగిపోతది.

బిలోలి_పంతులమ్మ

‘తెల్లనివన్నీ పాలు కావు’లో బరువంతా ‘అన్నీ’ అనే మాట మీద ఉంది. తెల్లగా ఉంటే పాలు కావని అది అనడం లేదు, తెలుపు ఒక్కటే సాక్ష్యంగా చాలదంటోంది. చాలామంది దీన్ని తిరగేసి, బాగున్న ప్రతిదాన్నీ అనుమానించడానికి వాడతారు. అది సామెత తప్పు కాదు. ముఖం చూసి బొట్టు పెట్టడమంటే ఎవరికి ఏది తగునో చూడమని. దానికీ పటారం సామెతకూ పోట్లాట లేదు, రెండూ రెండు సందర్భాలవి.

మేడిపండు విషయంలో నాకు పేచీ ఉంది. లోపల పురుగులుంటాయన్నది నిజమే, కానీ అవి పండు కుళ్లి పుట్టినవి కావు. మేడికి పువ్వులు పండు లోపలే ఉంటాయి. చిన్న కందిరీగ జాతి ఆడపురుగు పండు కొన దగ్గరి సన్నని రంధ్రంలోంచి దూరి కొన్ని పువ్వుల్లో గుడ్లు పెడుతుంది, కొన్నింటికి పుప్పొడి అంటిస్తుంది. లోపల పుట్టిన మగవి గోడకు దారి తొలుస్తాయి, ఆడవి పుప్పొడి మోసుకుని ఇంకో మేడికాయకు ఎగిరిపోతాయి. ఆ పురుగు రాకపోతే గింజ కట్టదు. సామెత చూపు ఖచ్చితం, తీర్పే తొందరపాటు. ఇదే చెట్టును మరాఠీవాళ్లు ఔదుంబర్ అని దత్తాత్రేయుడి చెట్టుగా కొలుస్తారు. మన నాందేడ్ జిల్లా మాహూర్‌లో దత్తశిఖరమే ఉంది కదా.

‘పొట్టివాడికి పుట్టెడు బుద్ధులు’ లాంటివి మాత్రం వదిలేయండి. ఎత్తుకీ బుద్ధికీ ముడిపెట్టే మాటలో తెలివి లేదు, ఎవరినో నొప్పించడం తప్ప.

గోదారి_ఒడ్డు (ధర్మాబాద్)

మేడమ్, పురుగు సంగతి తెల్వదు, మంచిగ చెప్పిన్రు. అడ్తి అన్నా, మనిషి సంగతి? ఇంకా కారప్పొడి గ్లాసు నీళ్లల్ల వేసి చూస్తే కల్తీ తెలుస్తదంటరు, అది నిజమేనా?

మిర్చి_అడ్తి

తొడిమలు తీసే పనికైతే ముఖం, మాటతీరు పక్కన పెట్టు. రెండు కిలోలు చేతికియ్యి. తీసిన కుప్పలోంచి నూరు కాయలు లెక్కబెట్టి ఎన్నింటికి తొడిమ మిగిలిందో, ఎన్ని విరిగినయో చూడు. ఒక్క మెతుకు సామెత ఇక్కడ పనికొస్తది. కాకపోతే మెతుకు ఎసట్లోంచే తియ్యాలె, అంటే ఏ పనికి పెట్టుకుంటున్నవో ఆ పనే చేయించి చూడాలె.

నీళ్ల పరీక్ష సగమే నిజం. చెంచాడు పొడి వేస్తే నీళ్లల్ల కరిగే రంగు చారలు చారలుగా కిందికి దిగుతది. అడుగున చేరినదాన్ని వేళ్లతో రుద్దితే గరుకుగా తగిలేది ఇటుకపొడో ఇసుకో. కానీ సుడాన్ అనే, తిండిలో కలపకూడని రసాయన రంగులు నూనెలో కరిగేవి, నీళ్లల్ల చార పడదు. అది చూసి స్వచ్ఛం అనుకుంటే మళ్లీ పైరంగుకే మోసపోయినట్టు. 2003లో మన దేశం మిర్చి సరుకులో సుడాన్-1 దొరికినంక, ఐరోపా సమాఖ్య అది లేదని పరీక్ష పత్రం అడగబట్టింది, నీళ్ల గ్లాసు కాదు. ఇంటికైతే కాయ కొని పైన చెప్పినట్టు చీల్చి చూసుకో, ఎండబెట్టి కళ్ల ముందర పొడి పట్టించుకో.