కారు హీటర్ సరిగ్గా రావట్లేదు, మెకానిక్ దగ్గరికి వెళ్లేముందు ఏం చూసుకోవాలి?

ఖమ్మం_కుర్రాడు:
అందరికీ నమస్కారం. ఆగస్టులో మిషిగన్ వచ్చాను, ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఉంటున్నాను. 2011 సెడాన్, లక్షా నలభై వేల మైళ్లు తిరిగింది, ఒక సీనియర్ దగ్గర కొన్నాను. ఇదే నా మొదటి చలికాలం. 696 మీద పోతున్నంతసేపూ హీటర్ బాగానే ఉంటుంది. హైవే దిగి సిగ్నల్ దగ్గర ఆగితే రెండు నిమిషాల్లో చల్లగాలి. ఫ్యాన్ మాత్రం గట్టిగానే తిరుగుతోంది. నిన్న పొద్దున మైనస్ 14. ఆఫీసుకు చేరేసరికి వేళ్లు కొంకర్లు పోయాయి. ఒక షాపులో చూడటానికే 160 డాలర్లు అన్నారు. ముందు నేను సొంతంగా ఏమైనా చూసుకోవచ్చా?

ట్రాయ్_వదిన:
తమ్ముడూ, హీటర్ సంగతి తర్వాత. ముందు డిక్కీలో ఒక దుప్పటి, మంచు గీకే బ్రష్, ఫోన్ చార్జర్ పెట్టుకో. మొదటి ఏడాది మా ఆయన స్టీలు అట్లకాడతో అద్దం గీకారు. ఆ గీతలు కారు అమ్మేదాకా అలాగే ఉన్నాయి. వేడినీళ్లు మాత్రం అద్దం మీద పోయకు, పగిలిపోతుంది. వింటర్ టైర్లు ఉన్నాయా? మా గరాజ్‌లో పాత సెట్ ఒకటి ఉంది.

కాంటన్_పెద్దాయన:
నేను 1998 నుంచి ఇక్కడే ఉన్నాను బాబూ, ఈ హీటర్ బాధ నాకు బాగా తెలుసు. 2009లో నా వ్యాన్‌కి కూడా ఇలాగే వచ్చింది. ఇంటి దగ్గర్లో ఉన్న ఒక షాపుకి తీసుకెళ్లాను. బానెట్ ఎత్తి చూడకుండానే కౌంటర్ దగ్గరే తేల్చేశాడు: హీటర్ కోర్ పోయింది, డాష్‌బోర్డ్ మొత్తం విప్పాలి, 1,150 డాలర్లు. ఇంట్లో చిన్నపిల్లలు, బయట మంచు, సరేనన్నాను. రెండు రోజులు పెట్టుకుని ఇచ్చాడు. ఇంటికొచ్చే దారిలోనే మా ఆవిడ "ఇంకా చలిగానే ఉందేంటండీ" అంది. నేను "వేడెక్కాలి కదా" అని సర్దిచెప్పాను. వేడెక్కింది, కానీ డ్రైవర్ వైపు ఒక్కటే! మర్నాడు వెనక్కి వెళ్తే, అది వేరే ప్రాబ్లం, దానికి వేరే బిల్లు అన్నాడు. పాత కోర్ చూపించమంటే పారేశామన్నాడు.

చివరికి తేలింది ఏంటంటే, వేడిగాలినీ చల్లగాలినీ కలిపే తలుపుని తిప్పే చిన్న మోటారు ఒకటి ఉంటుంది, అది పోయింది. దాని ఖరీదు 40 డాలర్లు. కారు స్టార్ట్ చేసిన ప్రతిసారీ డాష్‌బోర్డ్ వెనక టిక్ టిక్‌మని మొత్తుకుంటూనే ఉంది, వినే నాథుడు లేడు. ఆ విప్పిన డాష్‌బోర్డ్ మళ్లీ సరిగ్గా కూర్చోలేదు. అమ్మేదాకా ఎడ్లబండి చప్పుడే.

అందుకే చెప్తున్నా. ఈ రాష్ట్రంలో పని మొదలుపెట్టకముందే ఎస్టిమేట్ కాగితం మీద రాయించుకో. పాత పార్టు నాకు కావాలని కూడా ముందే చెప్పు, అయ్యాక అడిగితే చెత్తబుట్ట చూపిస్తారు. తేడా వస్తే లైసెన్సులిచ్చే సెక్రటరీ ఆఫ్ స్టేట్ ఆఫీసుకే కంప్లయింట్ ఇవ్వచ్చు. షాపుల రిజిస్ట్రేషన్ కూడా వాళ్ల చేతిలోనే ఉంటుంది.

నోవై_థర్మల్:
పెద్దాయన గారూ, మీ కష్టం నిజమే కానీ ఈ అబ్బాయి కారుది ఆ రోగం కాదు. నా ఉద్యోగమే కార్ల హీటింగు, కూలింగు, కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

హీటర్‌కి సొంత మంట ఏమీ ఉండదు. ఇంజిన్ వేడిని మోసుకొచ్చే కూలెంట్, డాష్‌బోర్డ్ వెనక ఉన్న హీటర్ కోర్ అనే చిన్న రేడియేటర్‌లోంచి పోతుంది. దాని మీదుగా ఫ్యాన్ గాలి కొడుతుంది. అంతే. కాబట్టి గాలి ఎప్పుడు చల్లబడుతోందో చెబితే సగం జబ్బు తెలిసిపోతుంది. పరుగులో వెచ్చగా, ఆగితే చల్లగా ఉంటే మొదట అనుమానించాల్సింది కూలెంట్ తగ్గడం. ఇంజిన్ నెమ్మదిగా తిరిగితే చాలా కార్లలో వాటర్ పంపు కూడా నెమ్మదిస్తుంది. ఉన్న కాస్త కూలెంట్ పైకి ఎక్కదు, హీటర్ కోర్‌లో గాలి చేరుతుంది. యాక్సిలరేటర్ తొక్కగానే మళ్లీ వెచ్చన.

అదే హైవే మీద టెంపరేచర్ ముల్లు కిందికి పడిపోతుంటే థర్మోస్టాట్, అంటే రేడియేటర్‌కి కూలెంట్ వెళ్లే దారిని తెరిచి మూసే వాల్వు, తెరుచుకుని ఉండిపోయిందని అర్థం. గాలే తక్కువగా వస్తుంటే, లోపలికొచ్చే గాలిని వడకట్టే క్యాబిన్ ఫిల్టర్ చూడు, చాలా కార్లలో గ్లవ్ బాక్స్ వెనకే ఉంటుంది. కాళ్ల దగ్గర కార్పెట్ తడిసి, తియ్యటి వాసన వచ్చి, అద్దానికి జిడ్డు పొర పడుతుంటే అప్పుడు కోర్ కారుతున్నట్టు.

ఇంజిన్ పూర్తిగా చల్లారాక, అంటే రాత్రంతా ఆపి ఉంచాక, ప్లాస్టిక్ డబ్బాలో కూలెంట్ మట్టం మినిమం గీత పైన ఉందో కిందుందో చూడు. వేడి మీద మూత అస్సలు తిప్పకు, ఆవిరి మొహం మీదికి చిమ్ముతుంది. ముల్లు ఎక్కడుంటోంది?

ఖమ్మం_కుర్రాడు:
ముల్లు మధ్యలోనే ఉంటుందన్నా. పొద్దున చూశాను, మట్టం మినిమం కంటే రెండు వేళ్లు కింద ఉంది. ఒక మాట చెప్పాలి, తిట్టకండి. అక్టోబర్‌లో కూడా ఇలాగే తగ్గితే ఒకటిన్నర బాటిల్ మంచినీళ్లు పోశాను. ఊళ్లో మా నాన్న జీపుకి ఎప్పుడూ నీళ్లే పోసేవాడు.

నోవై_థర్మల్:
ఖమ్మంలో నీళ్లు గడ్డకట్టవు తమ్ముడూ! ఇక్కడ కడతాయి. కట్టేటప్పుడు దాదాపు 9 శాతం ఉబ్బి ఇంజిన్ బ్లాకునే చీల్చగలవు. నీళ్లూ యాంటీఫ్రీజూ సగం సగం ఉంటే సుమారు మైనస్ 37 దాకా తట్టుకుంటుంది. నీది ఇప్పుడు ఎంతకి తట్టుకుంటుందో కొలిచే చిన్న టెస్టర్ పార్టుల షాపులో కొన్ని డాలర్లకే దొరుకుతుంది. ఇవాళే కొలువు.

స్టెర్లింగ్_హైట్స్_అన్న:
ఇంత లెక్కలెందుకు? నీళ్లు కలపకుండా చిక్కటి యాంటీఫ్రీజ్ నిండా పోసెయ్, పొద్దున్నే ఇరవై నిమిషాలు స్టార్ట్ చేసి వదిలెయ్. పదిహేనేళ్లుగా నేను చేసేది అదే.

నోవై_థర్మల్:
అన్నా, యాంటీఫ్రీజ్‌లో ఉండేది ఇథిలీన్ గ్లైకాల్, చిక్కగా ఉంటే అది మైనస్ 13కే గడ్డకడుతుంది. నీళ్లు కలిస్తేనే దానికి బలం. ఇరవై నిమిషాలు కూడా అక్కర్లేదు. అద్దాలు శుభ్రంగా కనిపించాక నెమ్మదిగా నడిపితే నిలబెట్టినప్పటికంటే త్వరగా వేడెక్కుతుంది.

కాంటన్_పెద్దాయన:
పైగా ఇంటి ముందు డ్రైవ్‌వేలో స్టార్ట్ చేసి లోపలికి వెళ్తే టికెట్ రాస్తారు. రోజ్‌విల్‌లో రాశారు, 128 డాలర్లు. పేపర్లన్నిట్లో వచ్చింది.

స్టెర్లింగ్_హైట్స్_అన్న:
అది 2017 జనవరి మాట పెద్దాయనా. ఆ గొడవ మీదే అదే ఏడాది చట్టం మార్చారు. సొంత డ్రైవ్‌వేలో ఇప్పుడు తప్పు కాదు.

కాంటన్_పెద్దాయన:
తప్పు కాకపోతే మాత్రం? దొంగ తోలుకుపోతే ఇన్సూరెన్స్ వాడితో నువ్వు మాట్లాడతావా?

ట్రాయ్_వదిన:
మీరిద్దరూ కొట్టుకోండి గానీ, గరాజ్ తలుపు మూసి మాత్రం ఎవరూ స్టార్ట్ చేయకండి. ఆ పొగలోని విషవాయువుకి వాసన ఉండదు, ప్రాణాలు పోతాయి. కూలెంట్ కింద కారితే వెంటనే కడిగెయ్యండి, తియ్యగా ఉంటుందని కుక్కలు నాకుతాయి, విషం.

ఖమ్మం_కుర్రాడు:
టెస్టర్‌తో కొలిచాను. మైనస్ 18 దాకానే తట్టుకుంటుందని చూపించింది. ఇంకో ప్రశ్న, పచ్చది పోయాలా, ఎర్రదా?

స్టెర్లింగ్_హైట్స్_అన్న:
జపాన్ బండి అయితే ఎర్రది, అమెరికా బండి అయితే పచ్చది.

నోవై_థర్మల్:
రంగుని నమ్మొద్దు, కంపెనీకో రంగు కలుపుతారు. కారు మాన్యువల్లో ఏ రకమని ఉంటే అదే పొయ్యి. లీకు ఆపుతుందని చెప్పే పొడులు, సీసాలు జోలికి పోకు, హీటర్ కోర్‌లో సన్నటి గొట్టాలు పూడుకుపోతాయి. కూలెంట్ ఊరికే తగ్గదు, ఎక్కడో పోతోంది. షాపులో లీకు ఎక్కడుందో పట్టే ప్రెషర్ టెస్ట్ చెయ్యమను, "హీటర్ బాగు చెయ్యండి" అనకు.

ఖమ్మం_కుర్రాడు:
అప్‌డేట్. వేరే షాపులో ప్రెషర్ టెస్ట్ చేశారు. వాటర్ పంపు దగ్గర ఎండిపోయిన గులాబి రంగు పొక్కు, అక్కడే కారుతోంది. పంపు మార్చి, పాత కూలెంట్ మొత్తం తీసేసి కొత్తది పోసి, గొట్టాల్లో చిక్కుకున్న గాలి తీశారు. మొత్తం 510. ఎస్టిమేట్ కాగితం మీదే ఇచ్చారు పెద్దాయన గారూ, పాత పంపు కూడా అడిగి తెచ్చుకున్నాను, మీరు చెప్పినట్టే. ఇప్పుడది నా టేబుల్ మీద పేపర్ వెయిట్. పొద్దున సిగ్నల్ దగ్గర మూడు నిమిషాలు ఆగాను, జాకెట్ జిప్ తీయాల్సి వచ్చింది.

కాంటన్_పెద్దాయన:
510 ఎక్కువే. నన్ను అడిగితే 350కి చేసేవాణ్ణి చూపించేవాణ్ణి.

స్టెర్లింగ్_హైట్స్_అన్న:
ఎవరు, మీ డాష్‌బోర్డ్ విప్పినవాడేనా?

ఖమ్మం_కుర్రాడు:
వదినా, ఇంతకీ ఆ టైర్ల సైజు ఎంత?