పాత రివాల్వర్ బాగుచేత, స్పేర్ పార్టులు: మీ అనుభవాలు చెప్పండి

నెల్లూరు_32: తాతగారి వెబ్లీ .32 వారసత్వంగా నా లైసెన్సులోకి వచ్చింది. ఎన్నికల కోడ్‌కి డిపాజిట్ చేస్తే తుప్పుతో తిరిగొచ్చింది. తూటాలు పట్టే సిలిండర్ ఊగుతోంది, మెయిన్ స్ప్రింగ్ నీరసించింది, పిడి చెక్క ఒకవైపు చిట్లింది. స్పేర్లు ఎక్కడ దొరుకుతాయి? తుప్పు పట్టకుండా వేసే నీలి నలుపు పూత, అదే బ్లూయింగ్, మళ్లీ వేయించొచ్చా?

మెరుపు_మురళి: నిక్షేపంగా వేయించండి సార్! నేను చక్రం మీద బఫింగ్ (మెరుగు) కొట్టించి హాట్ బ్లూయింగ్ చేయించా. ముఖం చూసుకోవచ్చు. మా బావమరిది పెళ్లిలో అందరూ కొత్తదా అని అడిగారు.

మాజీ_ఆర్మరర్: నా సర్వీసంతా ఆయుధాల మధ్యే గడిచింది కాబట్టి చెబుతున్నా. బఫింగ్ చక్రం కింద పెడితే అంచులు అరిగిపోతాయి, చెక్కిన అక్షరాలు చెరిగిపోతాయి. నంబరు చెరిగిన తుపాకీ దగ్గరుంటే ఆయుధ చట్టం 8వ సెక్షన్ కాచుకుని ఉంటుంది. అయినా పెళ్లికి రివాల్వర్ ఎందుకండీ?

మెరుపు_మురళి: ఊరికే నడుముకి పెట్టుకున్నా. కాల్చలేదు కదా!

గోదారి_గట్టు: కాల్చి ఉంటే తెలిసేది. 2019 సవరణ తర్వాత వేడుకల్లో కాల్పులకి రెండేళ్ల వరకు జైలు, లేదా లక్ష వరకు జరిమానా, లేదా రెండూ. మా ఊళ్లో పెద్దమనుషులకి ఇప్పటికీ చెవికెక్కదు.

డాలస్_బావ: నా గోల వినండి. గన్ షోలో స్మిత్ అండ్ వెసన్ విక్టరీ మోడల్ కొన్నా. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వాళ్లకి పంపిన రకం. తర్వాత ఎవరో మహానుభావుడు .38 స్పెషల్ అనే పొడవాటి తూటా పట్టేలా చాంబర్లు, అంటే తూటాలు కూర్చునే గూళ్లు, లోతు చేశాడు. అసలు తూటా కాస్త లావు, స్పెషల్ సన్నం. అందుకే కాల్చాక ఖాళీ కేసు పొట్ట ఉబ్బి, కొన్నిసార్లు చీలి బయటికొస్తోంది. ఇంకోటి, లోపలి పార్టుల్ని కప్పే సైడ్ ప్లేట్‌ని స్క్రూడ్రైవర్‌తో పెకలించకండి. స్క్రూలన్నీ తీసి, పిడి చట్రం మీద చెక్కతో తడుతూ ఉంటే అదే లేస్తుంది.

మాజీ_ఆర్మరర్: ఆయనది నడుం దగ్గర విరిచి తెరిచే వెబ్లీ. మీ సైడ్ ప్లేట్ పురాణం ఆయనకెందుకు?

డాలస్_బావ: అనుభవాలు చెప్పమన్నారు, చెప్పాను. సర్టిఫికెట్ మీ దగ్గర తీసుకోవాలా?

కాన్పూర్_కుర్రాడు: కాన్పూర్ ప్రభుత్వ ఫ్యాక్టరీ .32 రివాల్వర్ కూడా వెబ్లీ డిజైనే. దాని పార్టులు పడతాయి.

మాజీ_ఆర్మరర్: డిజైన్ ఒకటే అయినా నేరుగా పెట్టేస్తే కూర్చోదు, చేత్తో సరిచేయాలి. ముందు రోగం తేల్చుకోండి. రివాల్వర్ ఖాళీగా ఉందని రెండుసార్లు చూసి, సిలిండర్ మీద వేలు ఆనించి, హామర్‌ని (తూటాని పేల్చే సుత్తి) మెల్లగా లాగండి. హామర్ పూర్తిగా వెనక్కి వచ్చినా సిలిండర్ లాక్ పడకపోతే, దాన్ని తిప్పే హ్యాండ్ అనే పార్టు అరిగినట్టు. కొత్త హ్యాండ్ పొడవుగా వస్తుంది, రాయి మీద కొద్దికొద్దిగా అరగదీసి సరిపెడతారు. ఎక్కువ అరగదీస్తే పార్టు దండగ. ఇది లైసెన్సున్న డీలర్ చేతే చేయించండి, లైసెన్సు లేకుండా రిపేరు చేయడమూ నేరమే.

నెల్లూరు_32: బావగారూ, అక్కడ్నుంచి ఓ స్ప్రింగ్ కొరియర్ చేస్తారా?

డాలస్_బావ: అమ్మో! ఫ్రేమ్ తప్ప మిగతా పార్టులు ఇక్కడ ఇంటికే పోస్టులో వస్తాయి కానీ, దేశం దాటించాలంటే కథ వేరు.

గోదారి_గట్టు: మన చట్టంలో పార్టులూ ఆయుధాల కిందే లెక్క. కస్టమ్స్‌లో స్ప్రింగ్ దొరికితే ఇద్దరికీ మూడినట్టే.

ఆస్టిన్_అబ్బాయి: నాది హెచ్‌-1బి. ఇక్కడ నేనూ ఒకటి కొనొచ్చా?

డాలస్_బావ: హంటింగ్ లైసెన్సు లాంటి మినహాయింపు ఉంటే తప్ప తుపాకీయే కాదు, తూటా కూడా దగ్గర పెట్టుకోకూడదు. గ్రీన్ కార్డు రానీ.

ఆస్టిన్_అబ్బాయి: అదొచ్చేసరికి నేనే యాంటిక్ అయిపోతా బావా.

మెరుపు_మురళి: ఆర్మరర్ గారూ, నంబరు చెరగలేదనడానికి ఫొటో పెట్టా. చూసి మాట్లాడండి.

మాజీ_ఆర్మరర్: నాయనా, లైసెన్సు తుపాకీ నంబరు నలుగురిలో పెడతారా? ముందు ఆ ఫొటో తీసెయ్యి.