‘భాషా నిలయం’లో నిలయం అంటే?

పొద్దున ఒకరు అడిగారు: హైదరాబాద్ సుల్తాన్‌బజార్‌లో ఉన్నది లైబ్రరీయే కదా, మరి శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర గ్రంథాలయం అనకుండా ‘ఆంధ్ర భాషా నిలయం’ అని ఎందుకు పెట్టారు అని. నిలుచు నుంచి నిలయం వచ్చింది, భాష నిలిచే చోటు అని కింద ఇంకొకరు రాశారు. వినడానికి బాగుంది గానీ ఆ వ్యుత్పత్తి కుదరదు. నిలయం సంస్కృతం మాట, ‘లీ’ ధాతువుకు ముందు ‘ని’ చేరింది. ఒదిగిపోవడం, అంటుకుపోవడం అని ఆ ధాతువుకు అర్థం. లీనం, లయం, ఆలయం అన్నీ దాన్నుంచి వచ్చినవే, కాబట్టి గ్రంథాలయంలో ఉన్నదీ అదే. కానీ నిలయానికి నిఘంటువుల్లో ఇల్లుతో పాటు గూడు, దాగే చోటు అనే అర్థాలు కూడా ఉన్నాయి.

నన్ను పట్టుకున్నది ఆ గూడే. 1901 సెప్టెంబరు 1న ఈ సంస్థ మొదలైంది రావిచెట్టు రంగారావుగారి సొంత ఇంట్లో. కొమర్రాజు లక్ష్మణరావుగారు, మునగాల రాజా నాయని వెంకట రంగారావుగారు పక్కన నిలబడ్డారు. అప్పుడు నిజాం రాజ్యంలో సర్కారు కాగితమంతా ఉర్దూ. తెలుగు ఇంట్లో, అంగట్లో మాట్లాడుకునే భాష, అంతే. ఇరవై ఏళ్ళకు, 1921లో, సుల్తాన్‌బజార్‌లో సొంత భవనం లేచింది. బట్టల దుకాణాల రద్దీలో ఆ రాతి గోడల ముందు నిలబడి పైన పేరు చదివినప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది. ఎందుకంటే అదే ఏడాది నవంబరులో, అదే నగరంలో, వివేకవర్ధిని పాఠశాలలో జరిగిన సంఘ సంస్కరణ సభలో ఆలంపల్లి వెంకట రామారావుగారు తెలుగులో మాట్లాడబోతే గోల చేసి కూర్చోబెట్టారు, నిజాం రాజ్యంలో తెలుగువాళ్ళ సంఘమైన ఆంధ్ర జనసంఘం పుట్టింది ఆ అవమానం నుంచే. అలాంటి ఊళ్ళో తెలుగుకు గూడు కావాలనుకోవడంలో ఎంత ఆలోచన ఉందో చూడండి. ఇంకో సంగతి, సుల్తాన్‌బజార్ ఉన్న రెసిడెన్సీ బజార్లు 1933 దాకా నిజాం చేతిలో కాక బ్రిటిష్ రెసిడెంటు పాలనలో ఉండేవి. ‘దాగే చోటు’ అన్న అర్థం కూడా కొంచెం అతుకుతుంది.

పేరు మాత్రం నాటుకుంది. 1904లో హనుమకొండలో పెట్టిన గ్రంథాలయానికీ రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం అనే పెట్టారు. ఇక ఇళ్ళ గేట్ల మీద లక్ష్మీ నిలయం, శ్రీ నిలయం మనకు తెలిసినవే, బొల్లారంలో రాష్ట్రపతి నిలయం సరేసరి.

నిలుచు అన్నవారికి ఒక మాట. మీరు వెతుకుతున్న అచ్చ తెలుగు పదం ‘నెలవు’. నెలకొనడం కూడా ఆ కుటుంబమే. ‘తెలుగు నెలవు’ అని పెట్టి ఉంటే మీరు చెప్పిందే సరిపోయేది.