చదరంగం పద్యం: నాలుగో పాదంలో ఏం జారిపోయింది?

గణయతి: గణితాన్ని తెలుగు పద్యాల్లో రాసిన పావులూరి మల్లన చదరంగం పద్యం (మొదటి గడిలో ఒక గింజతో మొదలుపెట్టి గడిగడికీ రెట్టిస్తే అరవైనాలుగు గడుల్లో మొత్తం ఎన్నో, అంకెల్ని మాటల్లో దాచి చెప్పేది) నిన్నటి నుంచి బుర్రలో తిరుగుతోంది. మూడు పాదాలు తడుముకోకుండా వస్తున్నాయి:

శర శశి షట్క చంద్ర శర సాయక రంధ్ర వియన్నగాగ్ని భూ
ధర గగనాబ్ధి వేద గిరి తర్క పయోనిధి పద్మజాస్య కుం
జర తుహినాంశు సంఖ్యకు నిజంబగు తచ్చతురంగ గేహ వి

నాలుగోది మాత్రం "స్తరమగు రెట్టికగు సంకలితంబు జగత్ప్రసిద్ధికిన్" అనే నోటికొస్తోంది. చంపకమాలకి రెండక్షరాలు తక్కువ, యతి పోయి "లి" మీద పడుతోంది. సరైన పాఠం ఎవరికైనా వచ్చా?

పాతప్రతి: నేనూ అలాగే విన్నాను. జారింది "రెట్టి" తరవాతే, అక్కడ ఒక గురువు, ఒక లఘువు కావాలి. "రెట్టికైన దగు" అని చదివి చూడండి, పదకొండో అక్షరం "సం" అయి "స్త"తో యతి కుదురుతుంది.

తేటగీతి: "కైన దగు" అతుకు వేసినట్టుందండీ. "రెట్టికిం దగిన సంకలితంబు" అంటే గణాలూ సరిపోతాయి, రెట్టింపుకి తగిన మొత్తం అని అన్వయమూ సూటిగా ఉంటుంది.

లెక్కల మాస్టారు: ఆ పాదం ఎలా ఉన్నా సంఖ్యకి ఢోకా లేదు, తుహినాంశుతోనే అది పూర్తయింది. ఒక్కో మాటా ఒక్కో అంకె (శర 5, శశి 1, ఇలా తుహినాంశు 1 దాకా), కుడి నుంచి ఎడమకి పేర్చుకుంటే 18446744073709551615, అంటే రెండుని అరవైనాలుగు సార్లు వేసి గుణించి ఒకటి తీసేసినది. చివరి అంకె ముందే తేలిపోతుంది: రెండు ఘాతాల చివర 2, 4, 8, 6 తిరుగుతుంటాయి, 64 నాలుగుతో పోతుంది కాబట్టి 6, అందులో ఒకటి తీస్తే మన్మథుడి శరాలు ఐదు.

తేటగీతి: అది సరే మాస్టారూ, అబ్ధి, పయోనిధి రెండూ 4 ఎందుకు? సముద్రాలు ఏడు కదా. కొండకి పేర్లైన నగ, భూధర, గిరి మూడింటినీ ఏడుగా తీసుకుంటూ సముద్రాన్ని నాలుగంటే ఎలా?

లెక్కల మాస్టారు: సంఖ్యాసంకేతాల్లో సముద్రం ఎక్కువగా నాలుగే. మల్లన లెక్కే సాక్ష్యం చెబుతుంది. ఈ సంఖ్య 3, 5, 17, 257, 641, 65537, 6700417 ల లబ్ధం. సముద్రాన్ని 7 చేస్తే 3తో పరీక్షించినా తప్పు దొరకదు, నాలుగుకీ ఏడుకీ తేడా మూడే కదా. 17తో భాగించండి, ఒక సముద్రాన్ని మార్చినా రెండిటినీ మార్చినా శేషం మిగులుతుంది. అన్నట్టు ఆ చివరి కారణాంకం, 641 కలిసి గణితజ్ఞుడు ఆయిలర్ 1732లో పట్టుకున్న జంట, నాకు ఈ పద్యంలో అన్నిటికన్నా ఇష్టమైన సంగతి అదే.

పాతప్రతి: నన్నయ "అక్షరరమ్యత" అని తన కవిత్వం గురించి చెప్పుకున్నాడు. ఇరవై అంకెల్ని వరసగా పేరుస్తూ ప్రాస, యతి తప్పకుండా నడిపిన మల్లనకీ ఆ మాట చెల్లుతుంది. "వియన్నగాగ్ని" నోట్లో ఎలా దొర్లుతుందో చూడండి, సున్నా, ఏడు, మూడు అక్కడ కలిసిపోయాయి. ఈయన నన్నయ కాలంవాడేనని నా నమ్మకం.

గణయతి: నన్నయ కాలంవాడు తాత మల్లన, గణితం రాసింది మనవడు అనేవాళ్లూ ఉన్నారు. ఆ గొడవ వేరే దారంలో పెట్టుకుందాం. నాకు "రెట్టి" తేలలేదు: చివరి గడిలో గింజలు 9223372036854775808, మొత్తం దానికి రెట్టింపులో ఒకటి తక్కువ. రెట్టి అంటే గడిగడికీ రెట్టించడమా, ఈ చివరి రెట్టింపా?

తేటగీతి: గడిగడికీ రెట్టించడమే. "గేహ విస్తరమగు" అని ముందే అన్నాడుగా, రెట్టి గడులన్నిటి మీదా పరుచుకుంది. అందుకే "కిం దగిన" అంటున్నాను.

పాతప్రతి: "కైన" అన్నా అదే అర్థం వస్తుంది.