లూకా 22:38లో ‘చాలు’ ఏ చాలు?

మొన్న ఆదివారం ఒంగోల్లో ఆరాధన అయ్యాక వేపచెట్టు కింద టీ తాగుతున్నాం. ఒక కుర్రాడు మా అయ్యగారిని అడిగాడు: “యుద్ధమొస్తే మీరు తుపాకీ పడతారా అయ్యగారూ?” ఆయన మాట్లాడకుండా బైబిలు తీసి లూకా 22:38 మీద వేలు పెట్టారు. రెండు కత్తులున్నవని శిష్యులంటే యేసు “చాలునని” చెప్పాడు. ఆ సంభాషణ అంతటితో సరి.

ఇది ఏ చాలు? పెళ్లి విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టి, రెండో గారె పడగానే అనే “చాలు, చాలు”నా? లేక “చాల్లే ఊరుకోబ్బా” అనే కసురా? మొదటిదైతే కత్తులు ఉంచుకోవచ్చు. రెండోదైతే ఆ మాటే ఎత్తొద్దని. గ్రీకు మూలంలోనూ ఇదే తిరకాసు. తెలుగు బైబిలు అనువదించినవాళ్లు “చాల్లే” అని రాసుంటే తేలిపోయేది, కానీ అప్పుడు అనువాదం కాదు, తీర్పు అయ్యేది.

ఈ తిరకాసు నిజంగా ప్రాణాల మీదికొచ్చింది 1914లో, మొదటి ప్రపంచ యుద్ధమప్పుడు. చర్చి గురువులు (పాదిరీలు) సైనికులుగా పోరాడకూడదని ఇంగ్లండు చర్చి పెద్ద, కాంటర్‌బరీ ఆర్చిబిషప్ డేవిడ్సన్ అన్నాడు. బెర్నార్డ్ వాన్ అనే గురువు మాత్రం చాప్లెయిన్ (సైన్యంలో ప్రార్థనలు జరిపే గురువు) పని దొరకడం ఆలస్యమవుతోందని మామూలు పదాతిదళంలో చేరాడు. బ్రిటన్ అత్యున్నత శౌర్య పతకం విక్టోరియా క్రాస్ తెచ్చిన పోరు ముగిసిన నాలుగు రోజులకే, 1918 అక్టోబరు 3న, చనిపోయాడు. ఫ్రాన్సులోనైతే చట్టమే గురువుల్ని సైన్యంలోకి లాక్కుంది, పట్టాలా వద్దా అని వాళ్లనడిగిన నాథుడు లేడు.

కావలి నుంచి ఒకరి వ్యాఖ్య: ఇంకోటి చూడండి. మత్తయి 26:52లో “కత్తి పట్టుకొనువారందరు”. రోమా 13:4లో అధికారులు ఊరకయే “ఖడ్గము ధరింపరు”. గ్రీకులో రెండుచోట్లా ఒకటే మాట, మఖైరా. మన తెలుగులో శిష్యుడు పట్టుకుంటే కత్తి, దొర ధరిస్తే ఖడ్గం! సంస్కృతం తొడిగేసరికి ఆయుధానికి అధికారం వచ్చేసింది.

నెల్లూరు నుంచి ఒకరు: మా ఖడ్గ తిక్కన బ్రాహ్మడే గదా, ఆయన పట్టలా?

జవాబు: ఆయన నెల్లూరు రాజు మనుమసిద్ధి కొలువులో యోధుడు సార్, అది ఆయన పని. యుద్ధం విడిచి వస్తే ఇల్లాలు స్నానానికి పసుపుముద్ద పెట్టిందనే చాటుకథలో గొడవ “ఎందుకు దించావు” అని. అయ్యగారిది “ఎత్తాలా” అని.

కావలి: ఇంతకీ అయ్యగారేమన్నారు?

జవాబు: కుర్రాడి గ్లాసులో ఇంకాస్త టీ పొయ్యబోయారు. వాడు “చాలయ్యగారూ” అన్నాడు. “ఏ చాలు రా?” అన్నారాయన.